బుగులోని గుట్ట చుట్టూ మూడు రోజులు

ఇంటికొచ్చి రెండు రోజులైనా సాక్సులకు అంటుకున్న ఉత్తరేణి గింజలు ఇంకా పోలేదు. ఒక్కొక్కటి గోటితో పీకుతుంటే మా ఆమె "ఇంత ఓపిక ఉన్నోనివి పదకొండేండ్ల కిందనే పోయి రాకపోతివి" అన్నది. కాదనడానికి లేదు. పదకొండేండ్లు హన్మకొండ నుంచి భూపాలపల్లికి డ్యూటీకి బస్సులోనే తిరిగిన. రేగొండ దగ్గరికి రాంగనే కిటికీలోంచి గుట్టల వరుస కనబడేది. అండ్ల పండుకున్న బర్రె వీపులెక్క ఉన్న గుట్ట ఒకటి. పక్క సీట్ల ఎవరన్న కొత్తవాళ్లు కూర్చుంటే "అగో, అదే పాండవుల గుట్ట" అని చూపించేవాణ్ని. చూపించుడే గాని ఒక్కనాడూ బస్సు దిగలేదు. పొద్దున డ్యూటీ యాళ్ల, మాపు ఇంటి యాళ్ల. రిటైరైనంక చెప్పుకోవడానికి సాకు మిగల్లేదు. మా బామ్మర్దిని బండి తీయమన్న.

నవంబర్ 14, శుక్రవారం – పరకాల దాటి, పత్తిచేండ్లల్ల

పరకాలల ఇడ్లీ, చాయ ఇద్దరికీ కలిపి 90 రూపాయలు. పల్లి చట్నీల మిరపకాయ ఘాటు పొద్దుపొద్దున్నే చెవులు ఊడగొట్టింది. ఊర్లె అమరధామం ముందర ఆగినం. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేద్దామని చుట్టుపక్కల పల్లెల నుంచి కదిలొచ్చిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపింది ఈ ఊర్లెనే. పెండ్లిళ్లకు, చావులకు వంద సార్లు ఈ ముందు నుంచే పోయిన అన్నడు బామ్మర్ది, లోపలికి రావడం మాత్రం ఇదే మొదలు. నా బస్సు కథకూ ఆయన కథకూ తేడా లేదు.

రేగొండ దాటినంక ఫోన్‌ను నమ్ముకున్నం. పాండవుల గుట్ట అని కొడితే నీలం గీత ఒకటి డాంబర్ రోడ్డు వదిలి పత్తి చేండ్లల్లకు తిరిగింది. కిలోమీటరు బాగనే నడిచింది. ఆ తర్వాత ఒర్రె. అక్టోబర్ చివర్ల మొంథా తుపాను పోసిపోయిన వాన అక్కడ ఇంకా ఆరలేదు. ముందు చక్రం నల్లరేగడిల సగం దిగింది. బామ్మర్ది దిగి తోసిండు, ఆయన చెప్పులు కూడ దిగినయి.

చేన్ల పత్తి ఏరుతున్న ఆడోళ్లు ఆరుగురు. మేం ఆగమైతుంటే కొద్దిసేపు చూసి, నవ్వుడు అయిపోయినంక ఒకామె కేకేసింది.

"ఓ సారూ, గా తొవ్వల ఏడికి పోతున్రు?"

"పాండవుల గుట్టకమ్మా. ఫోన్ల ఇదే చూపిస్తాంది."

"గది ఎడ్లబండి తొవ్వ. మా మామ ఉన్ననాడు నడిచింది. మా మామ పోయి ఇరువై ఏండ్లాయె. మీ ఫోన్‌కు ఎవలు జెప్పిన్రో!"

నలుగురొచ్చి ఒక్క ఊపుల బండిని గడ్డకేసిన్రు. మేం చేసిన సాయం ఏందంటే పక్కన నిలబడి 'పైలం, పైలం' అనుడు. సద్ది తినే పొద్దయింది, కూసోమన్నరు. వద్దంటే ఊకోరు. తుమ్మచెట్టు కింద గిన్నెలు విప్పితే ఒకరి దాంట్ల అన్నం, చింతకాయ తొక్కు. ఇంకొకరి దాంట్ల వంకాయ, టమాట. పెద్దామె సీసాల పచ్చిపులుసు తెచ్చింది. ఉల్లిగడ్డ ముక్కలు సీస మూతికి అడ్డం పడితే పుల్లతోని లోపలికి నూకి పోసింది. బామ్మర్ది సంచిలకెల్లి మిక్చరు పొట్లం తీస్తే పిల్లలకని కొంగున కట్టుకున్నది తప్ప ఒక్కరు నోట్లె వేసుకోలేదు.

వాళ్లు లేచినంక నేను కూడా ఒక సాలు ఏరి చూద్దామని దిగిన. బాగ పూసిన పత్తి ముట్టుకుంటే చేతిలకొస్తదని చిన్ననాటి యాది. వానకు నాని ఎండిన కాయ అట్ల కాదు. నోరు సగమే విచ్చుకుంటది. లోపలి పత్తి పసుపుపచ్చగై డొప్పకు అతుక్కుపోయి ఉంటది. మూడు వేండ్లు లోపలికి పెట్టి మెలేసి గుంజాలె. డొప్ప అంచులు సూదులే. పెద్దామె చూపుడువేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కున్నది. అది తీసి చూపిస్తే గోరు పక్కన తోలు లేచి ఉన్నది. కిలోకు 12 రూపాయల కూలి. తుపానుకు ముందు రోజుకు నలుభై కిలోలు తీసేదట, ఇప్పుడు ముప్పై అయితలేవు. 2025ల మద్దతు ధర క్వింటాలుకు 8,110 అన్నది ఆరుగురికీ నోటికొచ్చు. తేమ 12 శాతం దాటితే కొనరన్నదీ నోటికొచ్చు. "ఏరుడు పొద్దుమీకి, ఎండవోసుడు పొద్దుగాల. ఇగ మా తల్కాయలు దువ్వుకునేదెప్పుడు" అన్నది ఒక చిన్నామె. నేను సాలు సగం కూడా ముగించలేదు, రెండు వేండ్లకు నెత్తురొచ్చింది. ఆమె నేను ఏరింది తూకంల కలపకుంట పక్కకేసింది. ఆకుముక్కలు ఎక్కువున్నయట.

మాపటికి తిరుమలగిరి చేరినం. నాతో పనిచేసినాయన అత్తగారి ఊరు అది, ముందే ఫోన్ చేసి చెప్పిపెట్టిండు. గడపలనే కాళ్లకు నీళ్లిచ్చిన్రు. మంచం వాల్చినంక మొదటి ప్రశ్న 'ఏ ఊరు', రెండోది 'ఎవలింటోళ్లు', మూడోది 'అగో, అయితే మీకు ఫలాన ఊరాయన ఏమైతడు'. పది నిమిషాల్ల మా బామ్మర్ది వాళ్లకు ఎక్కడో మేనల్లుని వరుస అయిండు. అటెన్క ఆయన ఏం అడిగినా చెల్లింది, ఒక్కటి తప్ప. నాటుకోడి ముచ్చట తీస్తే ఇంటామె నవ్వింది. "కార్తీకం నడుస్తాంది బిడ్డా. అమాస దాక పొయ్యి మీదికి రాదు." జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర, కాల్చిన మిరపకాయలేసిన నువ్వుల పొడి పెట్టింది. పొయ్యి పక్కనే కూసోబెట్టి ఒక్కో రొట్టె కాల్చుకుంట పల్లెంల ఏసింది. నాలుగు తిని చాలన్న. ఇంటాయన "పట్నపోళ్లు పల్లెం చూసి తింటరు, మేం పొయ్యి ఆరిందాక తింటం" అని ఐదోది ఏయించిండు.

నవంబర్ 15, శనివారం – గుట్ట మీద

పొద్దున లేచేసరికి ఇంటామె ఏకాదశి ఒక్కపొద్దుల ఉన్నది. మాకు మాత్రం ఉప్మా చేసింది. గుట్ట తొవ్వ చూపించడానికి మేకల తాతను పిలిపించిన్రు. డెబ్బై దాటినయి, నడుముకు గొడ్డలి, భుజాన గొంగడి, చెప్పులకు టైరు అడుగు. మమ్మల్ని పైనుంచి కిందికి చూసి ముందు పైసల లెక్క తెగ్గొట్టిండు.

"కూలికి పోతే ఐదునూర్లు. మీతోని తిరిగితే మేకలు ఆగం. నాకెంత?"

ఐదు వందలకు ఒప్పుకున్నం. యాత్రలు రాసేవాళ్లకు ఎప్పుడూ పైసలు వద్దనే ముసలోళ్లే ఎట్ల దొరుకుతరో నాకు అర్థం కాదు.

మొదట బుగులోని గుట్ట. కార్తీక పున్నమకు ఇక్కడ వేంకటేశ్వరస్వామి జాతర. పున్నమ నవంబర్ 5న పోయింది, మేం పోయింది పదో నాడు. ట్రాక్టర్ల గాళ్లు ఎండి గట్టిపడ్డయి. కొబ్బరి చిప్పలు, పగిలిన బుగ్గలు, సగం కాలిన వత్తుల కట్టలు. దుకాణాలకు పాతిన గుంజల గుంతలు వరుసగా ఉన్నయి, ఒక్కో గుంతల మేకపిల్ల కాలు పడుడు, తాత తిట్టుడు. వాడిన బంతిపూల దండలు మేకలకు మంచి పలారం. 'బుగులు' అంటే మా దిక్కు భయం. దేవుని పేర్ల భయం ఎందుకొచ్చిందని అడిగితే ఇంటాయన ఒక కథ చెప్పిండు, ఆయన తమ్ముడు అది కాదని ఇంకొకటి చెప్పిండు. తాతను అడిగిన.

"ఎన్కట గిదంత అడివి. మాపయినంక ఈడికి ఎవలన్న వస్తుండెనా? బుగులైతే బుగులోని గుట్టే అంటరు. ఇండ్ల కథేముంది?"

అక్కడి నుంచి పాండవుల గుట్టల దిక్కు తిరిగినం. ఎత్తు చూస్తే పెద్దగేం ఉండది. కాని సక్కగ ఎక్కే తొవ్వ లేదు. ఇసుకరాయి పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటది, నిన్న రాత్రి పొయ్యి పక్కన పేర్చిన రొట్టెలు గుర్తుకొచ్చినయి. పొరల నడుమ సందులు, సందుల్ల గుహలు. హిమాలయాల కంటే పాత రాయి ఇది. 2024ల ఈ గుట్టలకు భూవారసత్వ స్థలమని గుర్తింపు కూడా వచ్చింది. రాళ్లెక్కే ఆట నేర్చుకునే పిల్లలు హైదరాబాద్ నుంచి తాళ్లు పట్టుకొని వస్తరు. తాతకు ఆ తాళ్లంటే నవ్వు. "ఎక్కేటందుకు తాడు కడ్తరు, మల్ల దిగేటందుకు తాడు కడ్తరు. మా మేక ఏం కట్టుకుంటది?" అన్నడు గాని తనకు కష్టమైన చోట మమ్మల్ని చుట్టు తిప్పి తీసుకపోయిండు.

ఒక బండ సూరు కిందికి ఒంగి పోయినం. బొమ్మలు ఎక్కడున్నయో ఐదు నిమిషాలు నాకు కనబడలేదు. పెద్ద బొమ్మల కోసం వెతికితే దొరకవు. తాత గొడ్డలి కామతో గాలిల, రాయికి తాకకుంట, ఒక చోట గుండ్రంగా తిప్పిండు. అక్కడ నా అరచేయి అంత ఎర్రటి జంతువు ఒకటి తేలింది. నాలుగు కాళ్లు, మెడ ముందుకు చాపి ఉన్నది. జింకనా, దుప్పినా తేల్చుకోలేకపోయిన. పొట్ట దగ్గర రంగు చిక్కగా ఉన్నది, కాళ్ల కాడ రాయి పొర ఊడి సగమే మిగిలినయి. దాని పక్కన చుక్కలు, గీతలు. ఇంకో చోట విల్లమ్ములు పట్టుకున్న మనుషులు. మధ్య రాతియుగం నాటి నుంచి మధ్యయుగాల దాకా వేర్వేరు కాలాలోళ్లు ఈ గుహల్ల బొమ్మలు ఏసిన్రు. అడివిదున్న, చిరుతపులి కూడ ఉన్నయి. కిందటేడు ప్రేమికులెవరో తెల్ల పెయింటుతో రెండు పేర్లు, నడుమ బాణం గుచ్చిన గుండె. వాళ్లు కూడా విల్లమ్ములు వదల్లేదు.

"గియ్యి 1990ల కనుక్కున్నరు తాతా" అన్న, నాకు తెలిసింది చెప్పాలె గద అని.

తాత నా దిక్కు చూసిండు. "మేం పోగొట్టుకుంటే గద, కనుక్కునేటందుకు."

బామ్మర్ది నీళ్ల సీస మూత తీసి బొమ్మ మీద చిలకరించబోయిండు. తడిపితే ఫొటోల ఎరుపు బాగొస్తదని ఎక్కడో చూసిండట. తాత గొడ్డలి కామ అడ్డం పెట్టిండు, ఈసారి నవ్వలేదు. నీళ్లు కొట్టి కొట్టి ఒక బొమ్మను ఎట్ల మాయం చేసిన్రో పక్క గుహల చూపించిండు. తెల్లటి ఉప్పు మరకలెక్క ఉన్నది అక్కడ. "గీడ ఎద్దు ఉండె" అన్నడు.

ఇంకా పైకి పోతుంటే ఉన్నట్టుండి చెయ్యి ఎత్తి ఆపిండు. ముందున్న నిలువు బండకు నల్లగా వేలాడుతున్నయి తేనెపెరలు. నేను లెక్కపెడుతుండగనే తాత బామ్మర్ది దగ్గరికి వచ్చి వాసన చూసిండు.

"ఏం కొట్టుకున్నవు?"

"బాడీ స్ప్రే."

"కూసో. కదలకు."

గొంగడి తెచ్చి ముప్పై ఐదేండ్ల మొగోని మీద కప్పిండు. నవంబర్ ఎండే అయినా గొంగడి కింద ఎట్లుంటదో ఊహించుకోండ్రి. మేం ముగ్గురం బండకు ఆనుకొని అర్ధగంట కిక్కురుమనకుంట కూసున్నం. నాలుగైదు ఈగలు గొంగడి మీద వాలి, ఉన్ని ఎంట నడిచి, లేచిపోయినయి. వాటి నీడలు కనబడేటంత దగ్గరగా ఉన్న నేను. కిందికి దిగినంక బామ్మర్ది చెప్పిన మొదటి మాట "బుగులంటే ఏందో నాకు ఎరుకైంది బావా".

గుట్ట నెత్తిన కూసొని తాత సద్ది విప్పిండు. మక్క గటక, మిరపకాయ తొక్కు. గటకను చేతితోని గుంతలెక్క చేసి, అండ్ల మజ్జిగ పోసి, నంజుకుంట తినాలె. నాకు గుంత నిలవలేదు, మజ్జిగ మోచేతి దాక కారింది. చుట్టూ పత్తి చేండ్లు తెల్లగా, కోసిన వరిమడ్లు పసుపుగా ఉన్నయి. భూపాలపల్లి రోడ్డు ఏదని వెతికిన. ఇన్నేండ్లు నేను ఇటు చూసిన, ఇటు నుంచి బస్సెట్ల కనబడుతదో చూద్దామని. తాత "రోడ్డు ఈడికి అగుపడది, నడుమ ఇంకో గుట్ట అడ్డమున్నది" అన్నడు. పట్టించుకోలేదు నేను, మజ్జిగ తుడుచుకునే పనిల ఉన్న.

దిగినంక ఐదు వందలు చేతుల పెడితే రెండు సార్లు లెక్కపెట్టుకొని, "నడువుండ్రి" అని ఈతవనం దిక్కు తీసుకపోయిండు. రేకల ఈతకల్లు పోయించిండు, పుల్లగా, సన్నగా, ఈగ ఒకటి తేలుతూ. ఏకాదశి గద తాతా అంటే "కల్లుకు కార్తీకమేంది" అన్నడు. మా పైసలు మాత్రం గీతకార్మికుణ్ని తీసుకోనియ్యలేదు. వంద రూపాయల దాక తానే ఇచ్చిండు. లెక్కకు లెక్క, సుట్టరికానికి సుట్టరికం.

నవంబర్ 16, ఆదివారం – గణపురం కోటగుళ్లు

ఇంటి నుంచి బయల్దేరుతుంటే 'పోతున్నం' అన్న. ఇంటామె "పోయొస్తం అను" అని దిద్దింది. సంచిల సీతాఫలాలు పెట్టింది, ఆఖరు కాత.

గణపురం రోడ్డు సగం వడ్లదే. తడిసిన వడ్లు డాంబర్ మీద పోసి, అంచున రాళ్లు పెట్టి, ఆడోళ్లు కాళ్లతోని సాళ్లు తీసుకుంట ఆరబెడుతున్నరు. బండ్లన్నీ మిగిలిన సగంల నుంచే ఇటోడు ఆగి, అటోన్ని పంపి పోవాలె. ఎవరూ హారన్ కొట్టరు. మేం ఆగిన కాడ ఒకామె గుప్పెడు వడ్లు తీసి చూపింది. నాలుగైదు గింజలకు తెల్లటి మొలక, మీసం లెక్క. "గివి అమ్మాల్నా, నారు పోయాల్నా చెప్పు సారూ" అన్నది.

కోటగుళ్లు చూడబోతే మాకు కనబడ్డది ముందుగా గోడ. రాతి ప్రహరీ లోపల చిన్నవి పెద్దవి కలిపి ఇరవైకి పైగా గుళ్లు, కాకతీయ గణపతిదేవుని కాలానివి. ఇక్కడికి దగ్గర్లనే రామప్ప ఉన్నది, 1213ల రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021ల యునెస్కో జాబితాకెక్కింది. జనమంతా అటే పోతరు. మేమూ చాలాసార్లు అటే పోయినం కాబట్టి ఈసారి పోలేదు. కోటగుళ్లల్ల మేము, కాపలాయన, ఒక కుక్క. పెద్ద గుడి వాకిలి పక్కన సగం మనిషి, సగం సింహం లెక్కున్న రూపం ఏనుగు మీద ఎక్కి కూసున్నది. ఏనుగు నలిగిపోతున్నట్టు మోకాళ్లు మడిచింది. శిల్పి ఏనుగు కంటికింద ముడత కూడ చెక్కిండు. నేను సింహాన్ని వదిలి ఆ ముడతనే చూసుకుంట నిలబడ్డ. కూలిన గుళ్ల రాళ్లకు తెల్ల రంగుతో అంకెలేసి గడ్డిల పేర్చిపెట్టిన్రు.

గణపసముద్రం కట్ట మీదికి పోతే నీళ్లు అలుగు దాక ఉన్నయి. అటు పక్క చెల్పూరు కరెంటు కార్ఖానా పొగగొట్టాలు. 1,100 మెగావాట్ల కేంద్రం అది. ఎనిమిది వందల ఏండ్ల చెరువు మీద ఆ పొగగొట్టాల నీడ మధ్యాహ్నం కదా, పడలేదు. కట్ట కింద ఒకాయన బొచ్చె ముక్కలు కారం పట్టించి పెనం మీద ఏయిస్తుండు. రెండు ముక్కలు 100. బామ్మర్ది నా దిక్కు చూసిండు. "కార్తీకం అత్తగారింట్ల బావా, చెరువు కట్ట మీద కాదు." నాలుగు ముక్కలు తిన్నడు. నేను రెండు తిన్న, ముల్లు గొంతుల ఇరుక్కుంటే వట్టి అన్నం ముద్ద కోసం చేపలాయన తన టిఫిన్ విప్పిండు.

మాపటికి తిరుగు తొవ్వల రేగొండ దగ్గర చాయకు ఆగినం. పొద్దు దిగుతుంటే గుట్టల వరుస వంకాయ రంగుకొచ్చింది. నడుమ నా బర్రె వీపు. "అగో, నిన్న మనం ఎక్కింది" అని బామ్మర్దికి చూపించిన. కాదు, ఎడమ పక్కది అన్నడు. తేనెపెరల బండ ఇదేనని నేను, కాదని ఆయన. చాయ పోసే పిలగాడు జాలి పట్టుకొని విన్నడు.

"పాండవుల గుట్టనా సారూ? అది ఈడికి కనబడది. గీ గుట్ట ఎనుకకుంటది."

"మరి ఇదేం గుట్ట?"

"గిదా? గిది ఉత్త గుట్ట."

"పేరు లేదా?"

"గుట్టనే అంటం."

బామ్మర్ది చాయ పొరబోయి దగ్గిండు. పదకొండేండ్లల్ల పక్క సీట్ల కూసున్నోళ్లు ఎంతమందో లెక్క పెట్టుకుంట నేను గ్లాసు ఖాళీ చేసిన. రెండు చాయలు, 20 రూపాయలు.